పచ్చ వంతు

అరవై రెండు. ఇందాకట్నుంచీ అరవై రెండే. దాని మొహం మండ, అరవై మూడు కావడానికి ఏం రోగం? టీవీ తెర మీద సన్నటి గీత ఒకటి ఎడమనుంచి కుడికి పాకీ పాకీ అక్కడ ఆగిపోయింది, ఆగి తన వంకే చూస్తోంది, తనేమో కుర్చీ అంచున కూచుని కంట్రోలర్‌ని రెండు చేతులా పిసుకుతోంది, కోడిమెడ దొరికినట్టు. కప్పలాట రెండో భాగం. పన్నెండేళ్ళ తర్వాత. దానికి కంపెనీవాళ్ళు పెట్టిన అసలు పేరు చాంతాడంత ఉంటుంది, తను ఏనాడూ పలకలేదు, తమ్ముడూ పలకలేదు. రెండు కప్పలు గెంతుతాయి కాబట్టి కప్పలాట, అంతే. టైము నాలుగుంబావు. అయిదింటికి తమ్ముడు వస్తాడు, ఇంటికి కాదు, ఆటలోకి, వాడి ఊళ్ళో వాడి గదిలోంచి. వస్తానని కూడా అనలేదు వెధవ, "చూస్తా" అన్నాడు. ఫోన్లో రెండక్షరాలు. వాడితో ఏడాది మొత్తం మీద నడిచే మాటలన్నీ అంతంతే, అమ్మకి మందులు తెచ్చావా, ఊఁ, పండక్కొస్తావా, చూస్తా. ఇవాళ మాత్రం వాడు రావాలి. ఆటకి కాదు. వాడికి ఒక మాట చెప్పాలి. పన్నెండేళ్ళుగా గొంతులో అడ్డంపడి ఉన్న మాట, మింగితే దిగదు, కక్కితే రాదు. ఆ గీత కదిలితే, ఆట దిగితే, వాడొస్తే, చెప్పేస్తుంది. వాడు రాకపోతే? రాకపోతే ఇంకో పన్నెండేళ్ళు. అరవై మూడు. అమ్మయ్య.

పక్కగదిలో అమ్మ మధ్యాహ్నం నిద్ర పోతోంది, సన్నగా గురక. అమ్మ నిద్రలో కూడా ఒక చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకునే పడుకుంటుంది, కొట్టే మనిషి ఇంట్లో లేకుండా పోయి ఇన్నేళ్ళయినా. కొట్టే మనిషి లేడా? నిజంగా లేడా? తన చేతుల వంక చూసుకుంది. కార్ల సొట్టలు తీసే చేతులు. షాపులో అందరూ సుత్తక్క అంటారు, కొత్తగా వచ్చినవాళ్ళు ఈవిడెవరో తెగ మాట్లాడి చంపుతుంది కాబోలు అనుకుని దూరంగా జరుగుతారు, తీరా చూస్తే ఈవిడ నోరు తెరిస్తే ఒట్టు. సుత్తి కొట్టే అక్క కాదురా బాబూ, సుత్తి పట్టే అక్క. లోపలివైపు ఇనప దిమ్మ ఆనించి, బయటినుంచి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు, సొట్ట నడుమ కాదు, చుట్టూ, అంచులనుంచి లోపలికి. ఒక్క దెబ్బతో తీసేద్దామని నడిమధ్య మోదావా, రేకు చిరుగుతుంది. మొదటి ఏడాదంతా మేస్త్రి అదే చెప్పాడు, చుట్టూ తిరుగమ్మా, చుట్టూ తిరుగు. పని వచ్చింది. మోదాలన్న ఆశ పోలేదు. ప్రతి రేకు మీదా, ప్రతి రోజూ, ఆ నడిమధ్య ఒక్కటి ఇచ్చుకోవాలని చెయ్యి లాగుతుంది.

పోయిన వారం చెయ్యి లేచింది. రేకు మీద కాదు, మనిషి మీద. వ్యానాయన ఫోన్ చేసి బండంతా పచ్చరంగు కొట్టించండి అన్నాడు, తను చీటీ మీద "పచ్చ" అని రాసి అద్దానికి అంటించింది, పెయింటరు రెండ్రోజులు కష్టపడి బండిని పసుపుముద్దలా తయారుచేశాడు. వ్యానాయన వచ్చి నెత్తీనోరూ బాదుకున్నాడు, పచ్చ అంటే ఆకుపచ్చ కాదా అండీ, ఎక్కడైనా అడగండి, అని. పెయింటరు చీటీ చూపించాడు. "మా ఇంట్లో పచ్చ అంటే పసుపేనండీ. ఆకుపచ్చ కావాలంటే ఆకుపచ్చ అని రాయాలి." తను, కొంచెం బుర్ర ఉండక్కర్లా, అంది. వాడు కూడా తక్కువ తిన్లేదు. "మాటని అటూ ఇటూ కాకుండా నువ్వు రాసిపెట్టి, ఇప్పుడు నామీదకి తోస్తావేంటక్కా?" అన్నాడు. తోస్తావేంటక్కా. తర్వాత ఏమైందో తనకి తెలీదు. తెలిసేసరికి సుత్తి తన చెవి పైన ఉంది, పెయింటరు గోడకి అతుక్కుపోయి రెండు మోచేతులూ తలకి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. ఆ మోచేతులు! అచ్చం అలాగే పెట్టుకునేవాడు తమ్ముడు. కుడిది పైన, ఎడమది కింద. మేస్త్రి అరవలేదు, దించమ్మా, అన్నాడంతే. దించింది. ఒక్క నిమిషం ఆలస్యమైతే ఆ కుర్రాడి తల పగిలి ఉండేది, ఒట్టు, పగలగొట్టేదే. ఆ మధ్యాహ్నమే తమ్ముడికి పంపింది: కప్పలాట కొత్తది వస్తోంది, ఆడదామా. ఇంకేం రాయాలో చేతకాలేదు.

డెబ్భై ఒకటి. పర్లేదు, ఊపందుకుంది. మొదటి ఆట గుర్తుందా అని ఎవరైనా అడిగితే నవ్వొస్తుంది, ఒంట్లో ఎముకలు గుర్తున్నాయా అన్నట్టు. ఇనప కార్ఖానా, నూనె మరకలు, తిరిగే రంపాలు, గోడల్లోంచి పొడుచుకొచ్చే మేకులు, వాటి మధ్య రెండు కప్పలు. తనది ఆకుపచ్చది, తమ్ముడిది పసుపుపచ్చది. గెంతాలి, పట్టుకోవాలి, జారాలి, చావాలి, మళ్ళీ లేవాలి. ప్రతి లెవెల్లోనూ ఒక బల్ల. బల్ల మీద ఒక కప్ప ఎక్కి నిలబడితేనే ఎదర తలుపు తెరుచుకునేది, కానీ ఎక్కిన కప్ప మీద పైనుంచి ఇనప మొద్దు దబ్బున పడేది, కప్ప కాస్తా నేలమీద రంగు మరక. రెండోది ఆలోగా తలుపు దాటి అవతలి దీపం ముట్టుకుంటే చచ్చింది లేచి కూచునేది. ఒకళ్ళు చస్తేగానీ ఇద్దరూ ముందుకి పోలేరు. అందుకని వంతులు. మొదట్లో పచ్చ వంతు, పచ్చ వంతు అని అరుచుకునేవాళ్ళు, ఏ పచ్చ అని జుట్టూజుట్టూ పట్టుకునేవాళ్ళు, నీది పచ్చ, కాదు నీదే పచ్చ, నాది పసుపు, పసుపంటే పచ్చే కదే మొద్దూ. ఒకసారి ఆ గొడవలో ఇద్దరూ ఒకేసారి బల్లెక్కి ఇద్దరూ చచ్చారు. ఆ రోజే ఒట్టేసుకున్నారు, పచ్చ అన్న మాటే ఇంక వద్దు. తనది "ఆకు", వాడిది "పసుపు". అంతే. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు వాళ్ళిద్దరి మధ్యా పచ్చ అన్న మాట పుట్టలేదు.

ఇంట్లోనూ ఒక బల్ల ఉండేది. నాన్న వచ్చి తాళాలగుత్తి టేబుల్ మీద పెడితే ఆ సాయంత్రం గండం గడిచినట్టు. విసిరితే బల్ల. విసిరిన చప్పుడు వినగానే ఒకళ్ళు ముందుగదిలోకి వెళ్ళి ఆయనకి ఎదురు నిలబడాలి, ఏదో ఒకటి అనాలి, నోటికొచ్చింది అని ఆ చెయ్యి తమ మీదకి లాక్కోవాలి. రెండోవాళ్ళు ఆలోగా అమ్మని వంటింటి తలుపులోంచి మెట్లమీదుగా కింద టైలరమ్మ ఇంటికి చేర్చాలి. ఆకు. పసుపు. ఆకు. పసుపు. పద్నాలుగేళ్ళ పిల్లకీ పదకొండేళ్ళ పిల్లాడికీ ఈ తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందని అడక్కండి, కప్పలు నేర్పాయి. బెల్టు అయితే బెల్టు, చెప్పు అయితే చెప్పు. ఆకు వంతు రోజు తన చెవిలో మూడ్రోజులు ఈలలు. పసుపు వంతు రోజు వాడి పెదవి చిట్లి రెండు ముక్కలు. మర్నాడు బడిలో మేడమ్ అడిగితే మెట్లమీంచి పడ్డా అనేవాడు, గెంతబోయి పడ్డా. వాడికి అబద్ధం ఆడటం కూడా నిజం లాగే వచ్చేది.

తొంభై. తొంభై ఆరు. వంద! అబ్బా, ఎట్టకేలకి. తెర నల్లబడి, ఎక్కడో చినుకులు పడుతున్న చప్పుడు, చెవుల్లో హెడ్‌ఫోన్స్ ఉన్నాయి కాబట్టి ఆ చినుకులు తలలోనే పడుతున్నట్టుంది. ఓరి నాయనో, ఎంత బాగా చేశారు! అదే కార్ఖానా, కానీ పైకప్పు ఊడిపోయి వాన లోపల కురుస్తోంది, తుప్పు ఎర్రగా కారుతోంది, ఆకుపచ్చ కప్ప వీపు మీద నీళ్ళు తళతళమంటున్నాయి. నొక్కింది. గెంతింది. గెంతులో బరువు పెంచారు, మొదటిదాంట్లో కాగితంలా ఎగిరేది, ఇప్పుడు పొట్ట లోపల ఏదో ఉన్నట్టు ఎగిరి దిగింది, దిగినప్పుడు కంట్రోలర్ అరచేతుల్లో మెత్తగా కొట్టుకుంది. కప్ప గుండె కాబోలు. తెర అంచున, ఓ మూల, పసుపు కప్ప కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. రెండోవాళ్ళు వచ్చేదాకా అది అలా నిద్రపోతూనే ఉంటుందట, ముందుకి పోతుంటే నేలమీద ఈడ్చుకుంటూ వెనకే వస్తుంది, తాడు కట్టినట్టు. నాలుగున్నర. ఆడుతూ ఉండొచ్చు, ఏం పోయింది. మొదటి రంపం దగ్గర చచ్చింది. రంపం కప్పని కోస్తుంటే కంట్రోలర్ జివ్వున ఒణికి ఆ ఒణుకు మోచేతుల దాకా పాకింది, ఛీ, ఇదేం సరదారా మీకు, అని తిట్టుకుంటూనే మళ్ళీ ఎక్కింది, మళ్ళీ చచ్చింది. నెత్తిమీద లెక్క పడింది: ఆకుపచ్చ 2. చావులకి లెక్క కూడానా, సిగ్గులేని వెధవలు. మూడోసారి దాటింది. దాటగానే ఒంట్లోకి పాత ఊపు వచ్చేసింది, పళ్ళు బిగిశాయి, మేకుల గోడ, మరిగే నూనె, గొలుసు పట్టుకుని ఊగి అవతలికి, ఆహా, పన్నెండేళ్ళు కాదు, నిన్నే ఆపి లేచినట్టుంది. తుప్పు గుట్ట దాటింది. ఎదర బల్ల.

అదే బల్ల. పైన అదే మొద్దు, ఇప్పుడు దాని అంచుకి పాత రంగులు ఎండి అంటుకుని ఉన్నాయి. ఒంటరిగా దీన్నెలా దాటాలి? ఎక్కింది. దబ్! కంట్రోలర్ గుండెలో గుద్దినట్టు అదిరింది. తలుపు తెరుచుకుంది, దాటేవాళ్ళు లేరు, మూసుకుంది. ఈ ఆటలో అవతలి దీపం ముట్టుకునేవాళ్ళు లేకపోయినా అయిదు అంకెలు లెక్కపెట్టి చచ్చినదాన్ని మళ్ళీ బల్ల ముందే లేపుతున్నారు. ఎక్కింది, దబ్. పరిగెత్తి దిగబోయింది, దబ్. ఎక్కీ ఎక్కకుండా అంచు తొక్కి చూసింది, దబ్. ఆకుపచ్చ 6. ఒళ్ళు మండిపోయింది. కంట్రోలర్‌ని టీవీ అద్దానికేసి కొట్టాలి, ఆ తెర పగిలి పెంకులు రాలాలి, ఆ కంపెనీవాడి పీక పట్టుకోవాలి. చెయ్యి నిజంగానే లేచింది. దించమ్మా. దించింది. మళ్ళీ కప్పని వెనక్కి తిప్పింది, ఏదైనా రాయి ఉందా, పెట్టె ఉందా బల్ల మీదకి తొయ్యడానికి అని వెతుకుతూ. వెతుకుతుంటే కప్ప ముక్కు పసుపు కప్పకి తగిలింది. పసుపు కప్ప ఇంచీ జరిగింది. ఓహో. బొటనవేలు ఇంకోసారి నొక్కింది. ఇంకో ఇంచీ. నిద్రలోనే, కళ్ళు మూసుకునే, తడినేల మీద మెత్తగా జారుకుంటూ వెళ్ళింది, ఏ గొడవా లేదు, ఎదురు తిరగలేదు, అక్క తోస్తోందంటే ఎందుకో ఉండే ఉంటుంది అన్నట్టు. బల్ల ఎక్కింది. దబ్! పసుపురంగు చిమ్మి తెర అద్దం మీద పడింది. తలుపు తెరుచుకుంది. తను దాటేసింది. దీపం వెలిగింది. పసుపు 1.

కంట్రోలర్ ఒళ్ళో పడిపోయింది. ఎంత తేలిక. ఎంత తేలిగ్గా అయిపోయింది పని. ఆలోచించలేదు కూడా. లేదు, అది అబద్ధం. ఆలోచించింది, రెండోసారి నొక్కేముందు అర సెకను ఆలోచించింది, తెలిసే నొక్కింది. ఆ అర సెకనే. పన్నెండేళ్ళ కింద, ఆ రోజు కూడా సరిగ్గా అంతే సేపు. చివరి లెవెల్, చివరి బల్ల, ఇద్దరూ తెరముందు మోకాళ్ళమీద కూచుని ఉన్నారు, ఇంకొక్క గెంతుతో ఆట అయిపోతుంది. తాళాలగుత్తి టేబుల్ మీద పెట్టిన చప్పుడు కాదు, విసిరిన చప్పుడు కాదు, గోడకి తగిలి సున్నం రాలిన చప్పుడు. అమ్మ సర్ది దాచుకున్న సంచి ఆయనకి దొరికింది. "ఎక్కడికే ప్రయాణం?" ఆ గొంతు అంతకుముందు ఎప్పుడూ వినని గొంతు, అందులో కోపం లేదు, అదీ భయం. ఇవాళ బెల్టుతో పోదని అర్థమైపోయింది. తమ్ముడి పెదవి మీద కుట్లు ఇంకా ఆరలేదు, అంటే మొన్న పసుపు అయిపోయింది, అంటే ఇవాళ ఆకు. తమ్ముడు తన వంక చూశాడు, చెప్పు అన్నట్టు. తన నోరు తెరుచుకుంది. "పచ్చ," అంది.

పచ్చ. ఏడాదిన్నరగా లేని మాట. తర్వాత తనకి తనే ఎన్నిసార్లు చెప్పుకుందో! కంగార్లో నోరు జారింది, నాదే పచ్చ అన్నాను, ఆకుపచ్చే పచ్చ, వాడే పసుపుపచ్చ అనుకున్నాడు, పిచ్చి సన్నాసి, పొరపాటు, ఆ మాటకే రెండు అర్థాలుంటే నేనేం చేసేది. పచ్చి అబద్ధం. పచ్చ అంటే వాడు వెళ్తాడని తెలుసు. చెప్పీ చెప్పనట్టు ఉంటుందని తెలుసు. వాడు కంట్రోలర్ మెల్లగా కిందపెట్టి లేచి వెళ్ళాడు. తను అమ్మని లాక్కుని మెట్లు దిగింది. ముందుగది తలుపు, వాడి ఎడమచెయ్యి గడప దగ్గర, దాని మీద నాన్న విసిరికొట్టే తలుపు. దబ్. తను మెట్ల మధ్యలో ఉంది. దబ్. టైలరమ్మ తలుపు కొడుతోంది. దబ్. మూడు. మూడోదాని తర్వాత వాడు అరిచిన అరుపు మనిషి అరుపులా లేదు. అప్పుడు వెనక్కి పరిగెత్తింది, వైర్లతో సహా ఆటపెట్టె పెరికి, రెండు చేతులా ఎత్తి, నాన్న తలమీద నడిమధ్య మోదింది. చుట్టూ తిరగలేదు. ఆ రక్తం, ఆ ప్లాస్టిక్ ముక్కలు, ఆయన మోకాళ్ళు మడిచి కూలబడటం, అందరికీ గుర్తుంది అదే. పోలీసులకి, డాక్టరుకి, అమ్మకి. తమ్ముణ్ణి కాపాడుకున్న అక్క! అమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్ళకల్లా చెప్తుంది. నాన్న ఆస్పత్రినుంచి జైలుకి, జైలునుంచి ఎటో పోయాడు. తమ్ముడి ఎడమచేతి మూడు వేళ్ళు మళ్ళీ ఒంగలేదు. వాడిప్పుడు కళ్ళద్దాల షాపులో పనిచేస్తాడు, అద్దాలు మార్చి మార్చి, ఇదా, ఇదా, ఏది తేటగా ఉంది అని అడిగే పని. తనని మాత్రం పన్నెండేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి అడగలేదు.

అయిదూ ఏడు. చెవుల్లో ఏదో గరగరమంది. తెర మీద పసుపు కప్ప కళ్ళు తెరిచింది.

"వచ్చా," అన్నాడు తమ్ముడు.

"ఊఁ."

"అమ్మేం చేస్తోంది?"

"పడుకుంది."

పసుపు కప్ప ఉన్నచోటే రెండుసార్లు ఎగిరి చూసింది. వాడు అక్కడ కంట్రోలర్‌ని టేబుల్ మీద పెట్టి ఆడుతున్నాడు, ఒక్కో నొక్కుకీ చెక్క చప్పుడు వినిపిస్తోంది. గెంతు బరువెక్కించారే, అన్నాడు, తను మొదట్లో అలాగే ఉంటుంది అలవాటైపోతుంది అంది, కప్పలు రెండూ వానలో పక్కపక్కనే నిలబడ్డాయి.

"అక్కా."

"ఏంట్రా?"

"నేనిప్పుడేగా వచ్చింది. నాది అప్పుడే ఒకసారి చచ్చినట్టు చూపిస్తోందేంటి?"

ఆ ఒకటి అక్కడే ఉంది, తెర నెత్తిన, పసుపురంగులో. యంత్రం తప్పని చెప్పొచ్చు. కొత్త ఆట కదా, తప్పులుంటాయి, అంటే వాడు ఊఁ అంటాడు, అక్కడితో అయిపోతుంది. నోరు తెరుచుకుంది. అర సెకను.

"నేనే తోశా," అంది. "బల్ల మీదకి. నిద్రపోతోంది కదా, తోస్తే వెళ్ళింది. తలుపు తెరుచుకుంది, నేను దాటేశా." కంట్రోలర్ ఒళ్ళో పెట్టేసింది. "ఆ రోజు కూడా అంతేరా. వంతు నాది. ఆకు అనాలి, పచ్చ అన్నా. నోరు జార్లేదు. తెలిసే అన్నా. భయమేసింది."

తెరమీద వాన పడుతూనే ఉంది. ఎంతసేపు? తుప్పునీళ్ళు పసుపు కప్ప కాళ్ళ కిందనుంచి పారి ఆకుపచ్చ కప్ప కాళ్ళ కిందకి వచ్చేంత సేపు.

"తెలుసు," అన్నాడు. అద్దాలు మార్చే గొంతుతో, ఎత్తూ పల్లం లేకుండా. "మన మధ్య ఆ మాట లేదుగా. నువ్వు పచ్చ అనగానే తెలిసింది."

"మరెందుకెళ్ళావురా?"

"నువ్వు ఒణికిపోతున్నావు." పసుపు కప్ప ఒకసారి ఎగిరి దిగింది. "వెళ్ళకుండా ఉండాల్సింది. అక్క కాపాడింది, అక్క కాపాడింది అని అమ్మ చెప్పినప్పుడల్లా లేచి నీ గొంతు పిసికెయ్యాలనిపించేది. ఈ చేత్తో కుదరదు కదా. అందుకని ఊరు మారా."

కప్పలు కదిలాయి, ఎవరు ముందు కదిలారో తెలీదు, రెండు రంపాలు దాటాయి, గొలుసు పట్టుకుని ఊగాయి, వాడి గెంతులు ఒక్క క్షణం ఆలస్యంగా పడుతున్నాయి, తను ప్రతి అంచున ఆగి వాడు వచ్చేదాకా చూస్తోంది. ఎదర రెండో బల్ల.

"ఎవరి వంతు?" అన్నాడు.

"ఆకు."

ఎక్కింది. దబ్! చేతుల్లో కంట్రోలర్ అదిరింది. తలుపు తెరుచుకుంది. పసుపు కప్ప కదల్లేదు. తలుపు మూసుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆకుపచ్చ కప్ప బల్ల ముందు లేచి కూచుంది.

"దాటలేదేం?"

"మళ్ళీ ఎక్కు."

గొంతులో కోపం లేదు. తనకి నాన్న గొంతు గుర్తొచ్చింది. కానీ ఎక్కింది. దబ్! ఈసారి కళ్ళు మూసుకోలేదు, మొద్దు దిగడం చూసింది, తన రంగు నాలుగువైపులా చిమ్మడం చూసింది. తలుపు తెరుచుకుంది, పసుపు కప్ప గడప పక్కనే నిలబడి ఉంది, తలుపు మూసుకుంది. హెడ్‌ఫోన్స్‌లో వాడు ముక్కు ఎగబీల్చాడు. అయిదు అంకెలు గడిచాయి. మూడోసారి వాడు చెప్పలేదు. తనే ఎక్కింది, బల్ల నడిమధ్యకి వెళ్ళి నిలబడింది.

దబ్.

పసుపు కప్ప తలుపు దాటింది. అవతల దీపం ముట్టుకుంది. ఆకుపచ్చ కప్ప దాని పక్కన కళ్ళు తెరిచింది. తెర నెత్తిన ఆకుపచ్చ 9, పసుపు 1. ఇద్దరూ ఆ లెవెల్ మొత్తం దాటారు, మేకులు, నూనె, ఇంకో రంపం, పక్కగదిలో అమ్మ లేచి మంచినీళ్ళు తాగుతున్న చప్పుడు. వాన కొంచెం తగ్గింది. మూడో బల్ల వచ్చింది. తను అలవాటుగా ముందుకి జరిగింది, పసుపు కప్ప అడ్డం వచ్చింది.

"పసుపు," అన్నాడు తమ్ముడు, బల్ల ఎక్కుతూ. "నువ్వు దాటు."